గుడ్డ మారింది, కర్ర మారింది... విమానం అదేనా?

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో రైట్ సోదరుల 1903 నాటి ఫ్లయర్‌ ముందు నిలబడిన వాళ్లంతా, కిట్టీ హాక్ ఇసుక మీంచి మొట్టమొదట గాల్లోకి లేచిన యంత్రాన్ని చూస్తున్నామనే అనుకుంటారు. అది నిజమే. కానీ దాని రెక్కల మీదున్న గుడ్డ 1985లో కప్పినది. అంతకుముందున్న గుడ్డను 1927లో ఆర్విల్ రైట్ దగ్గరుండి మార్పించాడు. అసలు 1903 డిసెంబరు 17న నాలుగోసారి ఎగిరి దిగాక, ఈదురుగాలి దాన్ని పల్టీలు కొట్టించి విరగ్గొట్టింది. 1913లో డేటన్ పట్టణాన్ని ముంచెత్తిన వరదలో దాని భాగాలు పెట్టెల్లోనే బురదనీళ్లలో నానాయి. మరి మొదటినాటి గుడ్డ? దాని పీలిక ఒకటి 1969లో అపోలో 11తో చంద్రుడి దాకా వెళ్లొచ్చింది. ఇంకో చిన్న ముక్క 2021లో ఇంజెన్యుయిటీ హెలికాప్టర్‌కు అంటుకుని అంగారకుడి మీద ఎగిరింది.

ఫ్లయర్ ఎక్కడుంది? మ్యూజియంలోనా, అంగారకుడి మీదా?

మ్యూజియంలో కదలకుండా ఉండే విమానం విషయంలో ఇదొక చక్కటి చిక్కుప్రశ్న, అంతే. దాని జవాబు మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేదు. ఎనభై ఏళ్ల కిందటి చిన్న విమానాన్ని సొంతానికి కొనుక్కుని, ఆదివారం పొద్దున్నే హ్యాంగర్లోంచి బయటికి తోసుకొచ్చి, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి స్టార్ట్ చేసుకుని ఎగిరే మనిషి సంగతి వేరు. ఆ విమానం నిజంగా ఏమిటి, దాని లోపల ఏ భాగం ఎప్పటిది, అది కాగితం మీద చెప్పుకుంటున్న విమానమేనా అన్నవి అతను నేల వదిలే ముందే తేల్చుకోవాల్సిన విషయాలు. రెండు వేల ఏళ్లకు పైగా తత్వవేత్తలు పట్టుబట్టి వాదించుకున్న ప్రశ్న ఇక్కడ చేతికి గ్రీజు పూసుకుని ఎదురొస్తుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాక్ హేవెన్ అనే చిన్న పట్టణం ఉంది. పైపర్ జె-3 కబ్ అక్కడే పుట్టింది. 1938 నుంచి 1947 దాకా దాదాపు 20 వేల కబ్‌లు తయారయ్యాయి. పసుప్పచ్చ రంగు, పక్కన నల్లటి మెరుపు గీత. ముందొకరు, వెనకొకరు ఇద్దరే పడతారు. ఒక్కరే ఎగరాలంటే వెనక సీట్లో కూర్చోవాలి. ఎక్కువ వాటిలో ఉన్నది 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్, ప్రయాణ వేగం గంటకు 75 మైళ్లు. స్టార్టరు లేదు, బ్యాటరీ లేదు. ట్యాంకు మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఓ తీగ ముక్కే ఇంధనం ఎంతుందో చెబుతుంది. లోపల తేలే బెండుకు దాన్ని బిగించారు. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ తీగ కిందికి దిగుతుంది, పైలట్ దాన్ని చూసుకుంటూ ఎగురుతాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో వేలాది మంది యువకులు మొదటిసారి ఆకాశం చూసింది ఈ బండిలోంచే.

ఇప్పుడు ఎగురుతున్న కబ్ ఒకటి తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే ఏం తేలుతుంది?

కబ్ ఒళ్లు ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద బిగుతుగా లాగి కప్పిన గుడ్డ. మొదట్లో అది గ్రేడ్ ఎ నూలు గుడ్డ. కొత్తగా ఉన్నప్పుడు అంగుళం వెడల్పు పేలిక కనీసం 80 పౌండ్ల లాగుడుకు ఆగాలి. ఎండకు, తేమకు పాడై ఆ బలం 56 పౌండ్ల కన్నా కిందికి దిగితే ఆ గుడ్డతో ఎగరకూడదు. మెకానిక్ చేతిలో మౌల్ టెస్టర్ అనే చిన్న స్ప్రింగు పనిముట్టు ఉంటుంది. దాని మొనను రెక్క మీద ఆనించి నొక్కుతాడు. గుడ్డ ఆగిందా, సరే. చిరిగిందా, ఆ విమానం ఆ రోజు నుంచి నేల మీదే. బయటినుంచి రంగు ఎంత నిగనిగలాడినా ఆ మొన దగ్గర అది సాక్ష్యం కాదు.

గుడ్డ పోయిందంటే మొత్తం ఒలిచెయ్యాలి. అప్పుడే ఆ విమానం అస్థిపంజరం పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒకసారి వెలుగు చూస్తుంది. నీరు చేరే చోట, ముఖ్యంగా తోక వైపు కింది గొట్టాల్లో, ఉక్కు లోపలినుంచి తుప్పు పట్టి ఉండొచ్చు. ఆ ముక్క కోసి కొత్త గొట్టం వెల్డింగ్ చేస్తారు. పాత కబ్‌ల రెక్కల్లో పొడుగ్గా సాగే దూలాలు స్ప్రూస్ చెక్కవి. వాటిలో పగులు కనిపిస్తే మార్చాలి. ఆ తర్వాత కొత్త గుడ్డ. ఈనాడు నూలు గుడ్డ వాడేవాళ్లు అరుదు. పాలియెస్టర్ గుడ్డ కప్పి, ఇస్త్రీ పెట్టెతో 350 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడి చేసి బిగుసుకునేలా చేస్తారు. మైనం పట్టించిన దారంతో, పొడవాటి సూదితో, రెక్క పైనుంచి కిందికి గుచ్చి తీస్తూ రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి ఒక్కో రిబ్బుకు గుడ్డను ముడులు వేసి కుడతారు. ఎగిరేటప్పుడు గాలి పీల్పుకు గుడ్డ రిబ్బుల మీంచి లేచిపోకుండా పట్టి ఉంచేవి ఆ ముడులే. ఆ మీద గుడ్డను గట్టిపరిచే డోపు అనే ద్రవం పూతలు, ఎండ తగలకుండా అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు పూత, ఆఖర్న లాక్ హేవెన్ పసుపు.

ఇంజన్ సంగతి చెప్పనక్కర్లేదు. సిలిండర్లు మారతాయి, నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోలు మారతాయి. ఒకనాటికి ఇంజనే మారిపోతుంది. ఇలా ఎనిమిది పదుల ఏళ్లు గడిచాక 1946లో లాక్ హేవెన్ గేటు దాటి బయటికొచ్చిన పదార్థం ఆ విమానంలో ఎంత మిగిలిందో యజమానిని అడిగితే, అతను కాస్త ఆలోచించాల్సి వస్తుంది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ వెంటనే భగవద్గీత గుర్తొస్తుంది. రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన బట్టల పోలిక అందరికీ తెలిసిందే. చినిగిన బట్ట వదిలి కొత్తది కట్టుకున్నట్టు దేహి దేహాన్ని మారుస్తాడు. గుడ్డ కప్పిన విమానానికి ఇది అచ్చంగా సరిపోయినట్టే అనిపిస్తుంది. ఇంకాస్త లోపలికి చూస్తే సరిపోదు. గీతలో బట్ట మారినా కట్టుకున్నవాడు మారడు. ఆ ఉపమానం బరువంతా ఆ మారని వాడి మీదే ఉంది. కబ్‌లో గుడ్డ కింద ఉన్న గొట్టం మారుతుంది, గొట్టం ముందున్న ఇంజన్ మారుతుంది, రెక్కలోని దూలం మారుతుంది. బట్టలన్నీ విప్పేశాక లోపల కట్టుకున్నవాడెవరూ కనిపించరు. యంత్రానికి ఆత్మ లేదు. లేనప్పుడు దాన్ని దశాబ్దాల తరబడి ‘అదే’ అనడానికి ఆధారం ఏమిటి?

చాలామంది చూపించే జవాబు అరచేతిలో పట్టే లోహపు రేకు. దాన్ని డేటా ప్లేట్ అంటారు. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు దాని మీద చెక్కి ఉంటాయి. కూలిపోయిన విమానంలోంచి, పాడుబడ్డ షెడ్డులోంచి ఆ రేకు ఒక్కటీ దొరికితే చాలు, దాని చుట్టూ కొత్త గొట్టాలు, కొత్త చెక్క, కొత్త గుడ్డ పేర్చి ‘1940 నాటి విమానాన్ని పునరుద్ధరించాం’ అని చెప్పే ప్రయత్నాలు పాత విమానాల లోకంలో కొత్తేమీ కాదు.

పూరీ జగన్నాథుణ్ణి ఎరిగిన మనకు ఈ తర్కం పరాయిది కాదు. అక్కడి మూర్తులు వేపకొయ్యవి. అధిక ఆషాఢం వచ్చే కొన్ని సంవత్సరాల్లో నవకళేబరం జరుగుతుంది. ఇటీవల 1996లో, 2015లో జరిగింది. కొత్త దారువుతో కొత్త మూర్తుల్ని చెక్కుతారు. కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు బట్ట చుట్టుకున్న దైతాపతులు రాత్రివేళ పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తిలోకి మారుస్తారు. పాత మూర్తుల్ని కోయిలీ వైకుంఠంలో పూడ్చిపెడతారు. కొయ్య పూర్తిగా కొత్తది, జగన్నాథుడు మాత్రం ఆయనే. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం 2018 ఆగస్టులో జరిగింది. గర్భాలయంలో మరమ్మతు పనులకు ముందు మూలమూర్తిలోని కళల్ని కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచారు, పని పూర్తయ్యాక తిరిగి ప్రతిష్ఠించారు. మరమ్మతు జరుగుతున్నంత సేపూ దేవుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు ఆగమం ముందే జవాబు సిద్ధం చేసుకుంది.

డేటా ప్లేట్ విమానానికి బ్రహ్మపదార్థం కాగలదా? కాలేదు, ఎందుకు కాలేదో చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది. గుళ్లో మార్పిడి ఒక పరంపర చేతుల్లో జరుగుతుంది. ఎవరు చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్నది తరతరాలుగా స్థిరపడి ఉంది. రేకును మాత్రం ఎవరైనా స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి జేబులో వేసుకోవచ్చు. అందుకే అమెరికా విమానయాన నిబంధనలు దాని విషయంలో చాలా కచ్చితంగా ఉంటాయి. అధికారుల అనుమతి లేకుండా ఆ రేకును తియ్యకూడదు, మార్చకూడదు. మరమ్మతు కోసం మెకానిక్ తాత్కాలికంగా తీసినా దాన్ని ఏ విమానంలోంచి తీశాడో దానికే తిరిగి బిగించాలి, వేరేదానికి బిగించకూడదు. రేకు వల్ల విమానానికి గుర్తింపు రావడం లేదు, ఆ విమానానికి చెందినందువల్ల రేకుకు విలువ వస్తోంది అన్నది ఆ నిబంధన సారం.

ఈ చిక్కును ముందుగా ఊహించినవాడు ఇంగ్లీషు తత్వవేత్త థామస్ హాబ్స్. ఎథెన్స్ ప్రజలు వీరుడు థీసియస్ ఓడను శతాబ్దాల పాటు కాపాడారనీ, పుచ్చిన పలక తీసి కొత్త పలక వేసుకుంటూ పోయారనీ, అది పాత ఓడేనా కాదా అని తాత్వికులు వాదించుకునేవారనీ ప్లూటార్క్ రాశాడు. హాబ్స్ 1655లో దానికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవడో దాచిపెట్టి, అదే వరసలో పేర్చి మరో ఓడ కడితే? అప్పుడు థీసియస్ ఓడలు రెండవుతాయి. హాబ్స్‌కు అది ఊహ. పాత విమానాలవాళ్లకు అది నిజంగా జరగగల తగువు. ఒకరి దగ్గర రేకూ కాగితాలూ, ఇంకొకరి దగ్గర కూలిన చోట ఏరుకొచ్చిన అసలు గొట్టాలూ ఉంటే, ఒకే సీరియల్ నంబరు మీద ఇద్దరూ హక్కు చెబితే, ఎవరిది విమానం?

మన న్యాయదర్శనం దీనికి మొహమాటం లేని జవాబు చెబుతుంది. తర్కం చదువుకునే ప్రతివాడూ మొదట పట్టుకునే పుస్తకం తర్కసంగ్రహం. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడిగా ప్రసిద్ధుడు. దారాలు, గుడ్డ అన్నది ఆ శాస్త్రానికి పెట్టుబడి లాంటి ఉదాహరణ. దారాలు కారణం, వాటిలో సమవాయ సంబంధంతో ఉండే గుడ్డ కార్యం. అవయవాల కన్నా వేరుగా అవయవి అనేది నిజంగా ఉందని నైయాయికులు, వైశేషికులు గట్టిగా నిలబడ్డారు. అలా నిలబడినందుకు ఒక మూల్యం చెల్లించక తప్పలేదు. గుడ్డలోంచి ఒక దారం లాగేస్తే పాత గుడ్డ నశించినట్టే, మిగిలిన దారాలతో కొత్త గుడ్డ పుట్టినట్టే. ఈ లెక్కన రెక్క కుట్టు విప్పిన ప్రతిసారీ ఒక కబ్ చచ్చిపోతుంది, కుట్టు పూర్తయ్యాక ఇంకో కబ్ పుడుతుంది. నిజాయితీ గల సిద్ధాంతం ఇది. అయితే ఇరవయ్యేళ్ల కిందట ఫలానా ల్యాండింగ్‌లో దెబ్బ తిన్నది ఈ విమానమే అని చెప్పడానికి ఇందులో దారి ఇరుకైపోతుంది. మెకానిక్‌కు కావలసింది సరిగ్గా ఆ మాటే.

దారి చూపించింది మిళిందపన్హ. యవన రాజు మినాండర్, భిక్షువు నాగసేనుడు కలిసి మాట్లాడుకున్న ఆ పాళీ గ్రంథంలో రథం కథ అందరికీ తెలుసు. రాజు రథం మీద వచ్చానంటాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా, అన్నీ కలిసిన కుప్ప రథమా, వీటన్నిటికీ అవతల ఇంకేదైనా రథమా అని నాగసేనుడు అడుగుతాడు. అన్నిటికీ రాజు కాదనే అంటాడు. ఈ భాగాల్ని ఆధారం చేసుకుని వాడే పేరే రథం అని తేలుస్తారు. సాధారణంగా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఆగితే మిగిలేది ఒట్టి పేరు, పేరును నమ్మి ఎవరూ గాల్లోకి లేవలేరు.

అదే గ్రంథంలో మామిడిపళ్ల దొంగ కథ ఉంది, అసలు విలువైనది అది. ఒకడు తోటలో పళ్లు దొంగిలించి పట్టుబడతాడు. ‘తోటవాడు భూమిలో పాతిన పండు వేరు, నేను కోసుకున్న పళ్లు వేరు, కాబట్టి నేను దొంగను కాను’ అంటాడు. కథ విన్న మినాండర్ ఒప్పుకోడు. పాతిన దాన్నుంచే కోసినవి వచ్చాయి కాబట్టి వాడు శిక్షార్హుడే అంటాడు. ఇక్కడ నాగసేనుడు ఒక గొప్ప అడుగు వేశాడు. వస్తువు అదేనా కాదా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, బాధ్యత తెగిందా లేదా అని అడిగాడు. పదార్థం మారినా కార్యకారణ ప్రవాహం తెగకపోతే బాధ్యత తెగదు. పాత విమానానికి ఈ మాట సరిగ్గా పట్టే కొలత.

బాధ్యత తెగకుండా ఉండడం అంటే ఏమిటో చూడాలంటే లాగ్‌బుక్ తెరవాలి. ప్రైవేటు విమానాన్ని 12 నెలలకు ఒకసారి, ప్రత్యేక అధికారం పొందిన మెకానిక్ పూర్తిగా తనిఖీ చేసి సంతకం పెట్టాలని అమెరికా చట్టం చెబుతుంది. చేసిన పని ఏమిటి, ఏ తేదీన పూర్తయింది, చేసినవాడి సంతకం, అతని లైసెన్సు నంబరు, ఇవన్నీ రాయాలి. పైలట్ లైసెన్సున్న యజమాని ఆయిల్ మార్చడం, టైరు మార్చడం లాంటివి తన చేత్తో చేసుకోవచ్చు, కానీ అదీ రాయాలి. విమానాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే మొదటి బాధ్యత మెకానిక్‌ది కాదు, యజమానిది లేక నడిపేవాడిది. ఏళ్ల తరబడి మసకబారిన సిరాలో, ఒకరి తర్వాత ఒకరు వేరు వేరు చేతిరాతల్లో రాసిన ఆ పేజీల్లో ప్రతి వాక్యం కిందా ఒక మనిషి ఉన్నాడు. ‘ఈ పని నేను చేశాను, తేడా వస్తే జవాబు నేను చెబుతాను’ అన్న మనిషి.

ఈ నిబంధనల్లోనే ఇంకో విశేషం ఉంది. ఇంజన్‌ను తయారీ సంస్థ గానీ, అది ఆమోదించిన ఏజెన్సీ గానీ పూర్తిగా పునర్నిర్మిస్తే, ఆ ఇంజన్‌కు పాత చరిత్ర ఏమీ లేని కొత్త లాగ్‌బుక్ మొదలుపెట్టవచ్చు. గంటల లెక్క సున్నా నుంచి. మామూలు వర్క్‌షాపులో ఎంత బాగా ఓవర్‌హాల్ చేసినా ఆ అవకాశం లేదు, పాత గంటలన్నీ వెంట వస్తాయి. పూర్వజన్మ జ్ఞాపకం లేని పునర్జన్మను చట్టం ఒకే ఒక్క చోట ఒప్పుకుంది. అక్కడ కూడా పునర్నిర్మించినవాడు తేదీ వేసి, చేసిన మార్పులు రాసి, సంతకం పెట్టాలి. గతం చెరిగినా జవాబుదారీ చెరగలేదు.

సంతకం ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు. దానికి చేదు నిదర్శనం టైగర్ మాత్. 1931 అక్టోబరులో మొదటిసారి ఎగిరిన ఈ డి హావిలాండ్ రెండు రెక్కల విమానం మీద కామన్వెల్త్ దేశాల పైలట్లు తరాలకు తరాలు ఓనమాలు దిద్దుకున్నారు. యుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో మన వైమానిక దళం కుర్రాళ్లు ప్రాథమిక శిక్షణ పొందింది దీని మీదే. 2013 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన ఒక టైగర్ మాత్ గాల్లోనే రెక్క విఫలమై సముద్రంలో కూలింది. అందులోని ఇద్దరూ చనిపోయారు. విమానం ఒంట్లో అడ్డంగా సాగి రెండు వైపుల రెక్కల లాగుడును పట్టి ఉంచే టై రాడ్లు విరిగిపోయాయని ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దర్యాప్తులో తేలింది. అవి పాతవి కావు, పాతవాటి స్థానంలో వేసిన కొత్తవి. వాటికి నిర్ణయించిన ఆయుష్షు ఇంకా చాలా మిగిలి ఉండగానే లోహం అలసిపోయి పగుళ్లు పట్టాయి.

ఈ ఘటన తత్వశాస్త్రం పుస్తకాల్లో దొరకని పాఠం చెబుతుంది. థీసియస్ ఓడ గురించి వాదించిన వాళ్లందరూ కొత్త పలక పాత పలకంత బాగానే పనిచేస్తుందని మాట్లాడకుండానే ఒప్పేసుకున్నారు. నిజ జీవితంలో అసలు సందేహం అక్కడే ఉంది. అదే పేరు, అదే కొలత, అదే పార్టు నంబరు ఉన్నంత మాత్రాన అదే పని చేస్తుందన్న హామీ లేదు. ఒకటే అనుకోవడం వేరు, ఒకటే అని పరీక్షించి తేల్చడం వేరు. పైపర్ విమానాల రెక్కల్ని మోసే స్ట్రట్ల లోపల కంటికి కనపడని తుప్పు కోసం రెండేళ్లకోసారి పరీక్ష చెయ్యమని, లేదంటే లోపల నీరు చేరకుండా మూసేసిన కొత్తరకం స్ట్రట్లు వేసుకోమని అమెరికా ప్రభుత్వం ఆదేశించింది కూడా అందుకే. గుడ్డను పొడిచి చూసే మౌల్ టెస్టర్‌తోనే ఆ స్ట్రట్ అడుగు భాగాన్నీ నొక్కి చూడవచ్చు. లోపల తుప్పు తినేసి ఉంటే లోహం సొట్ట పడుతుంది.

దీన్నుంచే పాతదనం మీద మరో వాదం తలెత్తుతుంది. కొందరు యజమానులు అచ్చంగా 1946లో ఉన్నట్టే ఉండాలంటారు. నూలు గుడ్డే కావాలి, ఆనాటి డోపే కావాలి, రేడియో పెట్టకూడదు. ఇంకొందరు పాలియెస్టర్ ఎక్కువ కాలం బలంగా ఉంటుంది కదా, పైలట్‌ను క్షేమంగా దింపడమే ఆ విమానం పుట్టిన పని కదా అంటారు. రెండూ విశ్వాసపాత్రతే. ఒకటి రూపానికి, మరొకటి ప్రయోజనానికి. నూలు గుడ్డ మీద మమకారాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు, అది కూడా జ్ఞాపకమే. కానీ ఎగిరే వస్తువు విషయంలో ప్రయోజనానికే పెద్ద పీట వెయ్యాలి. ఎగరడం మానేసిన నాడు రూపం కోసం ఎంతైనా పట్టుబట్టవచ్చు.

అసలు వస్తువే కావాలన్న పట్టు లేకుండా కూడా జ్ఞాపకాన్ని నిజాయితీగా మోయవచ్చని మన దేశంలోనే రెండు ఉదాహరణలున్నాయి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి చేరాడు. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 78 ఏళ్ల వయసులో, 1982లో మళ్లీ అదే దారిన ఎగిరాడు. అప్పుడు నడిపింది పుస్ మాత్ కాదు, లెపర్డ్ మాత్. ఎవరూ మోసం అనలేదు, ఆయనా దాచలేదు. ఇక 2018లో బ్రిటన్‌లో పునరుద్ధరించి తెచ్చిన డకోటాకు మన వైమానిక దళం పరశురామ అని పేరు పెట్టి, వి.పి. 905 అనే నంబరు వేసింది. 1947 అక్టోబరు 27న సైనికుల్ని శ్రీనగర్‌కు చేర్చిన డకోటా నంబరు అది. ఇది ఆ విమానమే అని ఎవరూ చెప్పలేదు. ఆ విమానం గౌరవార్థం ఈ నంబరు అన్నారు. పేరు బహిరంగంగా అరువు తెచ్చుకోవడం ఒకటి, గుట్టుగా రేకు మార్చడం ఒకటి. మధ్యలో ఉన్న తేడా సత్యం.

అలాంటప్పుడు పాత విమానాన్ని ‘నాది’ అనడంలో ఎంత నిజం ఉంది? చట్టం ప్రకారం పూర్తిగా నిజం. అమ్ముకోవచ్చు, రంగు మార్చవచ్చు, విప్పి మూల పడెయ్యవచ్చు. కానీ 1946 నాటి కబ్ ఎన్నో చేతులు మారింది, ఇకముందూ మారుతుంది. దాని ఆయుష్షుతో పోలిస్తే ఏ యజమాని కాలమైనా చిన్నదే. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రాన్ని గాంధీ ధర్మకర్తృత్వ భావనకు మూలంగా చూశాడు. సంపదను అనుభవించేవాడు దానికి ధర్మకర్త మాత్రమే అన్న ఆలోచన పెద్ద పెట్టుబడిదారుల విషయంలో ఎంతవరకు ఆచరణలోకి వచ్చిందో గానీ, పాత విమానాల హ్యాంగర్లలో అది రోజూ ఆచరణలో కనిపిస్తుంది. తాను చూడబోని యజమాని కోసం, అతనితో ఎగరబోయే పిల్లల కోసం, ఇవాళ ఒక మనిషి రిబ్బు కుట్టు ముడి సరిగ్గా పడిందో లేదో రెండోసారి లాగి చూస్తాడు.

విమానాన్ని అమ్మినప్పుడు రికార్డులన్నీ కొన్నవాడికి అప్పగించాలని కూడా చట్టమే చెబుతుంది. అలా చేతులు మారే పాత విమానాలకు ఇప్పుడు కొత్త పరీక్ష రాబోతోంది. సీసం కలిపిన విమాన పెట్రోలును 2030 చివరికల్లా వదిలించుకోవాలని అమెరికా లక్ష్యం పెట్టుకుంది. 73 ఆక్టేన్ ఇంధనం చాలని రూపొందించిన కబ్ ఇంజన్‌కు సీసం అవసరం ఎప్పుడూ లేదు, కాబట్టి ఆ మార్పు దానికి మేలే చెయ్యవచ్చు. అంతకన్నా పెద్ద కొరత మనుషుల్లో ఉంది. చెక్క దూలంలో నారలు ఎటు పోతున్నాయో చూసి పగులును పసిగట్టగలిగినవాళ్లు, పాత డోపు తట్టి చప్పుడు వినగలిగినవాళ్లు వయసు మీదపడి తప్పుకుంటున్నారు. వాళ్ల పక్కన పాతికేళ్ల కుర్రాళ్లనూ అమ్మాయిలనూ నిలబెట్టి, సూదీ దారం చేతికిచ్చి, తప్పు కుట్టు విప్పించి మళ్లీ కుట్టించాలి. ఆ తర్వాతి పేజీ మీద తమ పేరు రాసే ధైర్యం వాళ్లకు అప్పుడే వస్తుంది. పాత విమానాన్ని ఇష్టపడే ప్రతి యజమానీ తన హ్యాంగర్ తలుపు అలాంటి ఒక్కరికైనా ఈ ఏడాదే తెరవాలి.